కోడలి గది తలుపు దగ్గర బాయిలర్ తాత

బాయిలర్ తాత రాత్రి రెండింటికి కోడలి గది తలుపు కొడుతున్నాడని పోయిన చలికాలం మా మేడలో ఒక మాట తిరిగింది. తలుపు కొట్టిన మాట నిజం. ఆ తలుపు తెరుచుకున్న మాటా నిజమే. మిగిలినదంతా తలా ఒక చెయ్యి వేసి వండిన అబద్ధం. మొన్న కింది అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళకు ఎవరో ఆ పాచి వంటే మళ్ళీ వడ్డించారని తెలిసి ఒళ్ళు మండింది. అందుకని జరిగింది జరిగినట్టు రాయడానికి కూర్చున్నాను. నేను చూసింది కొంత, తర్వాత వాళ్ళనీ వీళ్ళనీ అడిగి రాబట్టింది కొంత. అడగడానికి నాకు మొహమాటం లేదని మేడలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ముందు మనిషి సంగతి చెప్పాలి. తాత పంతొమ్మిదో ఏట ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో బొగ్గు మోసే పనికి చేరాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళకు అక్కడి బాయిలర్ గదికి పెద్దగా ఉండి బయటికొచ్చాడు. ఆవిరి కూత పక్కన నిలబడి నిలబడి ఎడమ చెవి పోయింది. కుడిది మాత్రం పాము చెవి. టీ గ్లాసు చేతికిస్తే ముందు చేతి వెనకవైపు ఆనించి చూసి, ఆ తర్వాతే పట్టుకుంటాడు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"అరచెయ్యి పని చేసి చేసి మొద్దుబారిపోయిందక్కా. చేతి వెనక చర్మం అబద్ధం చెప్పదు" అన్నాడు.

నాకంటే రెండేళ్ళే చిన్న. మేడంతా నన్ను పెద్దమ్మ అంటుంది, ఆయనొక్కడే అక్కా అంటాడు.

లాండ్రీలో ఒక రాత్రి జరిగింది ఆయన ఎప్పటికీ మరిచిపోలేదు. తోటి పనివాడు మీటరు ముల్లు ఉండాల్సిన చోటే ఉందని చూసి, నిశ్చింతగా కునుకు తీశాడు. ముల్లు ఇరుక్కుపోయి ఉంది. గొట్టం పగిలి, ఆవిరికి అతని రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. అప్పటినుంచి తాత నోట ఒకటే మాట. "మీటరును చూడాలి, నమ్మకూడదు. బాయిలర్‌కి ఒక మనిషి మేలుకునుండాలి."

భార్య పోయి ఆరేళ్ళు. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు, అన్నీ రాత్రి డ్యూటీలే. కోడలు కళ్ళద్దాల కొట్లో అద్దాలు బిగిస్తుంది. గదిలోంచి గదిలోకి వెళ్తే వెనక దీపం ఆర్పందే కాలు కదపదు. అందుకని మేడలో ఆ పిల్లకు దీపాలార్పే కోడలని పేరు. ఈ పేరు ఆ పిల్లకు ఎంత చేటు తెచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

వాళ్ళ ఇల్లు మా ఇంటికి ఎదురు బ్లాకు, అదే మూడో అంతస్తు. మధ్యలో వెలుతురు కోసం వదిలిన సందు. మా వంటింటి కిటికీలో నిలబడితే వాళ్ళ నడవ మొత్తం కనిపిస్తుంది. ఒక చివర వీధి తలుపు, రెండో చివర కోడలి పడకగది తలుపు. ఆ తలుపు పక్కనే గోడలో ఒక అల్మారా, అందులో ఇంటికి వేడినీళ్ళిచ్చే కరెంటు ట్యాంకు. రెండు బ్లాకులనూ కలుపుతూ ప్రతి అంతస్తులో ఒక వారధి లాంటి నడకదారి ఉంది. అంటే నా గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మానికి నలభై అడుగులు. లెక్కపెట్టాను కాబట్టే చెబుతున్నాను.

పోయిన చలికాలం ఆ కోడలికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. అయిదు వారాలు ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు పిల్ల రెండు కిలోలు. నా మరచెంబు అంతకంటే బరువుంటుంది. డాక్టరు గట్టిగా చెప్పి పంపింది. పిల్ల పడుకునే గది రాత్రంతా ఇరవై డిగ్రీలకు తగ్గకూడదు, ఇరవై రెండు దాటకూడదు. ఈ పిల్లలకు ఒంట్లో కొవ్వుండదు. చల్లబడితే తాగిన పాలన్నీ ఒళ్ళు కాచుకోవడానికే ఖర్చయిపోతాయి. ఎక్కువ వేడైనా ప్రమాదమే.

ఆసుపత్రి నుంచి రాకముందే ఆ గదికి కరెంటు హీటరు, దానికి గోడ మీద థర్మోస్టాట్ పెట్టించారు. థర్మోస్టాట్ అంటే అరచెయ్యంత తెల్ల డబ్బా. మనం ఇరవై ఒకటి అని అంకె పెట్టి ఊరుకుంటే, గాలి ఎంత చల్లగా ఉందో అదే చూసుకుని ఆ అంకె పైకి చూపిస్తుంది. తగ్గితే టిక్కుమని హీటరును వెలిగిస్తుంది, చాలినంత వెచ్చబడితే టిక్కుమని ఆర్పుతుంది. బిగించడానికి వచ్చిన కరెంటు మేస్త్రీ, "ఎదురు గోడకు పెడదాం తాతా, ఉయ్యాల దగ్గరగా ఉంటుంది" అన్నాడట.

తాత ఒప్పుకోలేదు. "మీటరెప్పుడూ తలుపు పక్కనే ఉండాలయ్యా. లోపలికొచ్చే మనిషి మొదట చూసేది అదే కావాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళు అలాగే చేశాం" అని, తలుపు పక్క గోడ మీద కంటికి సరిగా అందే ఎత్తు చూసి, పెన్సిలుతో తనే గుర్తు పెట్టాడు. మేస్త్రీ అక్కడే బిగించి వెళ్ళాడు.

మొదటి వారం సజావుగా గడిచింది. అప్పటికింకా చలి ముదరలేదు. రెండో వారం శుక్రవారం రాత్రి బయట నీళ్ళ గొట్టాలు బిగుసుకుపోయేంత చలి పడింది. శనివారం తెల్లారి కోడలు లేచి చూస్తే పిల్ల చేతులూ పాదాలూ మంచుముక్కలు. పెదాలు నీలం. పాలసీసా పెదాలకు ఆనిస్తే నోరు తెరవలేదు. టాక్సీలో ఆసుపత్రికి పరుగెత్తారు. సాయంత్రానికి కాస్త తేరుకుంటే ఇంటికి పంపారు. పిల్లల బరువు చూడటానికి ఇళ్ళకు తిరిగే నర్సమ్మ వాళ్ళ వెంటే వచ్చి, కోడలి మొహం మీదే అడిగింది.

"హీటరు ఎవరు ఆర్పారు?"

"ఎవరూ ఆర్పలేదండి. నేను పడుకునేటప్పుడు ఇరవై ఒకటి, లేచేసరికి ఇరవై రెండు. అంకె కూడా చూశాను."

"ఇరవై రెండున్న గదిలో పిల్ల ఇలా అయిపోదమ్మా. చూడండి, వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తాను. ఈలోగా ఒళ్ళు ఇంకోసారి చల్లబడినా, శుక్రవారానికి బరువు తగ్గినా, మళ్ళీ గాజుపెట్టే. ఈసారి ఎన్నాళ్ళో నేను చెప్పలేను."

నర్సమ్మ గుమ్మం దాటగానే కొడుకు పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. వాళ్ళ నడవ కిటికీ మూసి ఉన్నా ఆ మాటలు మా పొయ్యి దాకా వినిపించాయి.

"అలవాటు కొద్దీ ఆర్పేసుంటావు! నిద్రలో కూడా నీ చెయ్యి స్విచ్చి మీదకే పోతుంది కదా!"

"నా బిడ్డ గదిలో నేను ఆర్పుతానా? నేను ముట్టుకోలేదు!"

"మరి దెయ్యం ఆర్పిందా?"

తాత నడవలో నిలబడి విన్నాడు. ఆదివారం పొద్దున కరెంటు మేస్త్రీని తనే వెంటపెట్టుకొచ్చాడు. మేస్త్రీ డబ్బా విప్పి చూసి, హీటరు వెలిగించి ఆర్పి, గంటసేపు కూర్చుని వెళ్ళాడు. "లక్షణంగా ఉంది తాతా. దీనిలో ఏ జబ్బూ లేదు" అన్నాడు. నిజమే, పగలు దానికి ఏ జబ్బూ లేదు. టిక్కుమని వెలిగేది, టిక్కుమని ఆరేది. దాంతో నేరమంతా కోడలి నెత్తిమీదే స్థిరపడింది. నేనూ అలాగే అనుకున్నాను, ఎందుకు దాచాలి.

ఇక ఆ ఆదివారం రాత్రి. మోకాళ్ళు సలుపుతుంటే నీళ్ళు కాచుకుందామని ఒంటిగంటకు వంటింట్లోకి వెళ్ళాను. ఎదురు నడవలో చిన్న దీపం వెలుగుతోంది. తెర పక్కకి జరిపి చూశాను. ఇంట్లో కొడుకు లేడు, డిపోలో ఉన్నాడు. తాత కోడలి తలుపుకి కుడి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు!

వెళ్ళి పడుకుందామనుకున్నాను, కాళ్ళు కదల్లేదు. ఈసారి తప్పు మోకాళ్ళది కాదు. గంట గడిచింది. రెండింటికి తాత వంటింట్లోకి వెళ్ళి, గుడ్డలో చుట్టిన ఏదో ఒకటి తెచ్చి, తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. కోడలు జుట్టు చెదిరి నిలబడింది. చేతిలోది ఇచ్చాడు, అమ్మాయి తీసుకుంది, తలుపు మూసుకుంది. తాత మళ్ళీ అక్కడే నిలబడ్డాడు.

సోమవారం పొద్దున నాలుగో అంతస్తు కుట్టుమిషన్ పిన్ని జాకెట్టు కొలత కోసం వచ్చింది. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు, ఆ సంగతి నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. తెలిసే చెప్పాను. "ఎవరితోనూ అనకు" అని కూడా చెప్పాను. ఆ మాట చెప్పిన తర్వాత ఏ విషయమైనా ఇంట్లో కూర్చుంటుందా? మంగళవారానికి లిఫ్టులో నన్నే ఆపి నాకే చెప్పారు. చెవి ఆనించిన మాట తలుపు సందులోంచి చూడటమైంది. గుడ్డలో చుట్టినది బంగారు గొలుసైంది. బుధవారానికి డిపోకి చేరింది.

తాత నిజంగా ఏం చేస్తున్నాడో ఇప్పుడు చెబుతాను. ఇది ఆయన నోట ముక్క ముక్కగా నేను రాబట్టినదే.

ఆయన ఆ తలుపు దగ్గర వింటున్నది టిక్కు. శనివారం రాత్రి నుంచే నిలబడ్డాడు. పది గంటల నుంచి ఒంటిగంట దాకా పావుగంటకొకసారి టిక్కు వినిపించేది. ఒకటి వెలగడానికి, ఒకటి ఆరడానికి. ఒంటిగంట దాటాక ఒకసారి ఆరిన టిక్కు, ఇక అంతే. రెండున్నరకు లేదు, నాలుగుకు లేదు. మళ్ళీ ఆరింటికి గానీ వెలగలేదు. బయట పిట్టలు కొయ్యలైపోయే చలి. లోపల హీటరు నిద్రపోతోంది. కోడలు లేచి ఆర్పితే అడుగుల చప్పుడు వినపడాలి కదా, అదీ లేదు.

లోపలికి వెళ్ళి చూసుకోవచ్చు కదా అంటారేమో. కొడుకు ఇంట్లో లేని రాత్రి, కోడలు పడుకున్న గదిలోకి మామగారు ఎలా వెళ్తాడు? ఆ మర్యాదే ఆయన్ని గడప ఇవతల నిలబెట్టింది. మేడంతా ఆ మర్యాద మీదే బురద జల్లింది.

అందుకని ఆయనకు తోచిన ఉపాయం ఒకటే. రెండింటికి వేడినీళ్ళ సంచీని ఉన్నిగుడ్డలో చుట్టి తెచ్చి తలుపు కొట్టేవాడు. "అమ్మాయ్, పాలవేళయింది. ఉయ్యాల పక్క ఇది పెట్టి వెచ్చచెయ్యి, పిల్లని పడుకోబెట్టేముందు తీసెయ్యి. పాదాలు పట్టి చూడు" అనేవాడు. ఆ అమ్మాయి నిద్రకళ్ళతోనే లేచేది, పిల్లను ఒడిలోకి తీసుకునేది, పాలు పట్టేది. నాలుగున్నరకు ఇంకోసారి. మళ్ళీ ఆ ఘోరం జరక్కుండా పిల్ల ప్రాణం ఆ రెండు పిలుపుల మీద నడిచింది.

తెల్లారాక అడిగేవాడు. "రాత్రి లేచినప్పుడు గోడ మీద ఎంతుందమ్మా?"

"ఇరవై రెండు, మామయ్యా."

"చలేసిందా?"

"వేసింది. ఆయనతో అంటే అంకె చూడు, నీ భ్రమ అంటున్నారు."

ఇరవై రెండు చూపించే గదిలో చలి. బాయిలర్ గదిలో ఇరుక్కుపోయిన ముల్లు ఆయనకు గుర్తొచ్చింది. కానీ ఈ డబ్బాను పగలు మేస్త్రీ పరీక్ష చేసి బాగుందన్నాడు. గురువారం పొద్దున చేతిసంచీ పట్టుకుని ఎటో బయల్దేరాడు. కుట్టుమిషన్ పిన్ని మెట్ల మీద నుంచి చూసి, "కొడుకు గెంటేశాడు పెద్దమ్మా! సంచీతో వెళ్ళిపోతున్నాడు!" అని నా దగ్గరికి ఒగరుస్తూ వచ్చింది. తాత వెళ్ళింది పాత లాండ్రీకి. సాయంత్రం తిరిగొచ్చాడు. సంచీలో ఇత్తడి తొడుగున్న పాత ఉష్ణమాపకం. దాన్ని కోడలి చేతికిచ్చి, "ఉయ్యాల కొక్కేనికి తగిలించమ్మా, రాత్రి నేను పిలిచినప్పుడు చూసి ఎంతుందో చెప్పు" అన్నాడు. కోడలు అదేమిటో అర్థం కాకపోయినా తగిలించింది.

తెల్లారితే శుక్రవారం. నర్సమ్మ వచ్చే రోజు.

ఆదివారం నుంచి రోజూ చూస్తున్నదాన్నే, ఆ రాత్రి ఒంటిగంటకు ముందే కిటికీ దగ్గర ఉన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. తాత తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాడు. రెండు కావచ్చింది. కాళ్ళు పీకాయేమో, పక్కకి జరిగి అల్మారా పక్క గోడకు ఆనుకోబోయి, ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. చేతిని తిరగేసి వెనకవైపు గోడకు ఆనించాడు. ఇంకో రెండడుగులు ఇవతలికి వచ్చి అక్కడా ఆనించాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. అల్మారా తలుపు తీసి లోపల చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత పెద్దాయన నడవలో నేల మీద కూలబడి రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. ఎవరో చచ్చిపోయిన కబురు విన్నవాడిలా కూర్చున్నాడు.

రెండు నిమిషాలకు గోడ పట్టుకుని లేచాడు. వంటింట్లోకి వెళ్ళి ఎప్పటిలా ఆ గుడ్డచుట్టు చంకలో పెట్టుకొచ్చి, తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే నడవకు అటు చివర వీధి తలుపు తెరుచుకుంది. డిపో బట్టల్లో, నూనె చేతులతో కొడుకు.

నేను శాలువా లాక్కుని పరిగెత్తాను. నలభై అడుగులే గానీ, ఆ చలిలో అవి నాలుగు వందలయ్యాయి. నేను వెళ్ళేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది, కొడుకు గొంతు నడవంతా మోగుతోంది.

"ఇక్కడేం చేస్తున్నావు నాన్నా?"

"మెల్లిగారా. పిల్ల..."

"డిపో అంతా నవ్వుతోంది నన్ను చూసి! బస్సు కింద పడుకుని బోల్టు బిగిస్తుంటే, నీ ఇంటి తలుపు ఎవరు కొడుతున్నారో ముందు చూసుకోరా అన్నాడు ఒకడు. వాడి పళ్ళు రాలగొడదామనుకున్నా. కొట్టలేదు. ముందు నా కళ్ళతో చూద్దామని వచ్చా. చూశాను. పొద్దున్నే నీ సామాను సర్దుకో."

తలుపు తెరుచుకుంది. కోడలు. "ఏంటీ గోల? ఎవరు సామాను సర్దుకోవాలి?"

"ఈయన రోజూ రాత్రి నీ తలుపు కొడుతున్నాడా లేదా?"

"కొడుతున్నారు. పాలవేళకి లేపుతున్నారు. నువ్వు లేపుతావా డిపోలోంచి?"

నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. ఉన్నిగుడ్డలో చుట్టిన వేడినీళ్ళ సంచీ తాత చంకలో కనిపిస్తోంది. అదీ బంగారు గొలుసు!

తాత కొడుకు వైపు చూడనే లేదు. "అమ్మాయ్, ఉయ్యాలకి తగిలించిన ఇత్తడిది ఎంతుంది?"

కోడలు లోపలికి వెళ్ళింది. "పదిహేను, మామయ్యా."

"గోడ మీద?"

"ఇరవై రెండు."

గదిలోంచి వచ్చే చలిగాలి నా పాదాలకు తగిలింది.

"నీ పాత సామాను చెడిపోయుంటుంది" అన్నాడు కొడుకు, కానీ గొంతులో పస లేదు.

"చెయ్యి ఇటివ్వు." తాత కొడుకు చెయ్యి లాగి, తిరగేసి, అల్మారా పక్క గోడకు అదిమాడు. "ఎలా ఉంది?"

"వెచ్చగా..."

నేనూ వెళ్ళి ముట్టుకున్నాను. అడగకపోయినా ముట్టుకున్నాను. అప్పుడే ఇస్త్రీ చేసి మడతపెట్టిన దుప్పటిలా ఉంది గోడ.

"ఇప్పుడు లోపలికెళ్ళి నీ కూతురు పాదం పట్టుకో."

కొడుకు వెళ్ళాడు. ఆ మెకానిక్కు మొహం నేనెప్పుడూ అలా చూడలేదు. "నాన్నా, మంచులా ఉంది" అన్నాడు చిన్నపిల్లాడిలా.

అప్పుడు తాత చెప్పాడు. "వేడినీళ్ళ ట్యాంకు రాత్రి ఒంటిగంటకు దానంతటది వెలుగుతుంది, ఐదింటికి ఆరుతుంది. రాత్రి కరెంటు చవకని మనమే అలా పెట్టించాం. దాని సెగకి ఈ గోడ కాగుతుంది. గోడకి అవతలి పక్కే ఆ డబ్బా. గోడ వెచ్చదనం చూసి గదంతా వెచ్చగా ఉందనుకుని హీటరు వెలిగించడం మానేస్తోంది. పగలు ట్యాంకు వెలగదు, గోడ కాగదు. అందుకే మేస్త్రీకి దొరకలేదు. డబ్బా చెడిపోలేదురా. దాన్ని ఇక్కడ కొట్టించింది నేను. పెన్సిలు పెట్టి మరీ చూపించాను. నీ పెళ్ళాం ఏ రాత్రీ ఏదీ ఆర్పలేదు. తప్పు నాది."

కోడలు తలుపు చెక్కకు ఆనుకుని ఏడ్చింది, చప్పుడు లేకుండా. ఆరు రోజుల నుంచి తనమీద తనకే అనుమానం వచ్చిందట. నిజంగానే నిద్రలో లేచి ఆర్పుతున్నానేమో అనుకుందట పాపం.

"ఏడుపు తర్వాతమ్మా. పిల్లని గుండెకు ఆనించుకో, జాకెట్టు లోపల, ఒంటికి ఒళ్ళు తగలాలి" అన్నాను నేను. ఆ మాటొక్కటే ఆ రాత్రి నేను చేసిన పని. కొడుకు ట్యాంకు కట్టేశాడు. హీటరును ఆ డబ్బా తీగలోంచి తప్పించి, నేరుగా కరెంటుకి కలిపాడు. ఎంతైనా మెకానిక్కు. కోడలు పిల్లను లోపల దాచుకుని మంచం మీద కూర్చుంది, పైన నా శాలువా కప్పాను. కొడుకు ఉయ్యాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఇత్తడి మాపకం చదవడం మొదలుపెట్టాడు. తాత మాత్రం గడప దాటలేదు.

"ఎంతరా?"

"పదిహేనున్నర."

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని మేం నలుగురం కోరుకున్న రాత్రి అది. ఆ చిన్న నోరు తెరుచుకుని మూసుకుంటోందే గానీ గొంతు రావడం లేదు.

"ఎంత?"

"పదిహేడు."

"పిల్ల రంగు?"

కోడలు జాకెట్టు అంచు జరిపి చూసింది. "పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి మామయ్యా."

"పట్టుకునే ఉండు. విడవకు."

అర్ధగంట గడిచింది. పద్దెనిమిది. తాత తలుపు చట్రాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. నేను దేవుళ్ళందరికీ మొక్కి, మళ్ళీ మొదటి దేవుడి దగ్గరికి వచ్చాను. పంతొమ్మిదిన్నర. అప్పుడు శాలువా లోపల నుంచి ఒక తుమ్ము. పిల్లి తుమ్మినంత. ఆ వెంటనే కెవ్వుమని ఒక కేక. అంత చిన్న ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచుకుందో!

"తిట్టు తల్లీ, తాతని బాగా తిట్టు" అన్నాడు తాత. చట్రం వదిలేసి నేల మీద కూర్చున్నాడు.

ఇరవై ఒకటి రాగానే కొడుకు హీటరు ఆపేవాడు, తగ్గగానే వెలిగించేవాడు. తెల్లారేదాకా థర్మోస్టాట్ పని వాడే చేశాడు. పొద్దున పదింటికి నర్సమ్మ తరాజు తెచ్చింది. అయిదుగురం చుట్టూ మూగాం. ఐదో మనిషి కుట్టుమిషన్ పిన్ని, అప్పటికే కబురు పసిగట్టి వచ్చేసింది. పిల్ల పోయినవారం కంటే డెబ్భై గ్రాములు ఎక్కువ. నర్సమ్మ పాదాలు పట్టి చూసింది, నాలుక చూసింది, ఒళ్ళు కొలిచింది. రాత్రి సంగతంతా విని, ఇంకోసారి ఒళ్ళు కొలిచింది.

"కారణం దొరికింది, బరువూ పెరిగింది. అయితే ఇప్పుడు గాజుపెట్టె అక్కర్లేదు. ఆ డబ్బా మాత్రం ఇవాళే మార్చండి" అంది. వెళ్ళబోతూ కోడలి భుజం మీద చెయ్యేసి, "మొన్న అలా అడిగినందుకు ఏమనుకోకమ్మా" అంది.

మధ్యాహ్నానికల్లా థర్మోస్టాట్ ఎదురు గోడకు మారింది. ఈసారి మేస్త్రీ ఎక్కడ చెబితే అక్కడే. పాత చోట మిగిలిన రెండు స్క్రూ కన్నాలను మేస్త్రీ పూడ్చబోతే తాత వద్దన్నాడు. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పెన్సిలు గుర్తూ ఉంది. కొడుకు ఆ సాయంత్రం తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. సామాను మాట ఎత్తబోతే తాత, "నూనె చేతులతో కూర్చున్నావు, నేల పాడవుతుంది, లే" అన్నాడట. అంతటితో సరి.

నేను మాత్రం గుమ్మం గుమ్మం ఎక్కి అసలు సంగతి చెప్పాను. పుకారు లిఫ్టులో వెళ్ళింది, నిజం నా మోకాళ్ళతో మెట్లెక్కింది. కొందరు నమ్మారు. కొందరు "అయితే గొలుసు సంగతేంటి?" అన్నారు. వాళ్ళకోసమే ఈ రాత.

ఇంకొకటి మిగిలింది. మొన్న ఎండ కాస్తుంటే తాత మనవరాలిని వారధి మీద ఆడిస్తున్నాడు. ఇప్పుడా పిల్లకు బుగ్గలొచ్చాయి, రెండు చేతులతో ఎత్తుకోవాల్సిన బరువు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"తమ్ముడూ, డబ్బా మీద అనుమానముందని మొదటి రోజే కోడలితో చెప్పొచ్చు కదా? ఇంత రచ్చ అయ్యేదా?"

"చెబితే ఆ పిల్ల కంటిమీద కునుకు వేసేది కాదక్కా. పచ్చి బాలింతరాలు. బాయిలర్‌కి ఒకడు మేలుకుంటే చాలు, ఇద్దరెందుకు?"

పిల్ల నా వేలు పట్టుకుంది. ఆ వేలు పట్టు వదిలించుకోకుండానే, ఇన్ని నెలలుగా ఆయన దగ్గర దాచింది బయటపెట్టాను.

"ఆ మాట పుట్టించింది నేనే. నా కిటికీలోంచి చూసి నేనే అన్నాను. ఆదివారం నుంచి ఆ అయిదు రాత్రులూ నేను నిన్ను చూస్తున్నానని నీకు తెలుసా?"

తాత పిల్ల టోపీని చెవుల మీదకి లాగి, చేతి వెనకవైపు దాని బుగ్గకు ఆనించి చూసుకున్నాడు.

"తెలీకేం అక్కా. ఒంటిగంటయ్యేసరికి నీ వంటింటి తెర పక్కకి జరిగేది. ముసలివాణ్ణి, నిలబడ్డచోటే నిద్రపోతానేమోనని భయంగా ఉండేది. నేను తూలితే అక్క ఊరుకోదు, అరిచి మేడంతా లేపుతుందిలే అని ఆ ధైర్యంతోనే నిలబడ్డాను."